పదకొండు రూపాయల కుదువ

పెద్ద దవాఖాన గేటు ఎదురుంగ
సదానందం సేటు మందుల దుకాణంల
పద్దెనిమిదేండ్ల సంది నేను చదివినయి
డాక్టర్ల గీతలు,
డబ్బా అంచు మీద ఎక్స్‌పైరీ తారీఖులు,
తెల్లారంగ ఫోన్ల వచ్చే శుభోదయాలు.
చదువుడంటే గదే అనుకున్న.

ఒక వానకాలం రాత్రి
ఏటూరునాగారం దిక్కు పిలగాడు,
మోకాళ్ల దాక బురద.
సెలైన్ సీసాలకు, సూదులకు లెక్క జూస్తే
పదకొండు రూపాయలు తక్కువ.
పోనీ తియ్ తమ్మీ అన్న. వినలే.
సంచిల చెయ్యి వెట్టి
సన్నటి పుస్తకమొకటి గాజుబల్ల మీద వెట్టిండు.
"కుదువ ఉంచుండ్రి అక్కా,
రేపొచ్చి ఇడిపించుకపోత."

రేపు రాలే.
ఆ వారం రాలే.
ఏ వార్డుల ఎవరున్నరో, ఏమైందో
అడుగుదామంటే పేరు సుత తెల్వదు.

దగ్గు మందు డబ్బాల మీద పడి ఉన్నది
అట్ట చినిగిన, ముఖం లేని పుస్తకం.
అలవాటు చొప్పున తారీఖు కోసం తిప్పి చూసిన.
వెనక అట్ట లోపట
పరకాల శాఖా గ్రంథాలయం ముద్ర,
వాపసు తారీఖు పన్నెండేండ్ల కిందిది.
గడువు దాటిన సరుకు.
పక్కకు తీసి పారేయాలె అసలు.

మూడింటికి గిరాకీ పలుచబడ్డప్పుడు తెరిచిన.
ముందుగాల కంటికానింది మాటలు కాదు,
ఖాళీ జాగ.
సగంలనే ఆగిపోయిన పంక్తులు.
మా దుకాణంల వేలు పెట్టే సందు లేదు,
మా ఇంట్ల బట్టలారేసే తావు లేదు,
ఇక్కడెవరో
ఇంత తెల్ల కాగితాన్ని ఉత్తగనే ఇడిసిపెట్టిండ్రు,
బాలింత పక్కన జాగ ఇడిసినట్టు.

ఆరు పంక్తులు. అంతే.
ఇంటిల్లిపాది పండుకున్నంక
గొళ్లెం పెట్టే చెయ్యి గురించి.
చప్పుడు గాకుంట పెట్టాలని
ఆ చెయ్యికి ఎవరు నేర్పిండ్రని.
గింతేనా అనుకొని మూసేసిన.
జరం గోలీలు పది ఇచ్చిన, చిల్లర ఇచ్చిన.
రాత్రి పదిన్నరకు షట్టర్ గుంజి
తాళం వేస్తుంటే
నా చెయ్యి ఆగింది.

నర్సంపేటల, పత్తి పోసిన అర్రల
దూది మీద బోర్ల పండి చదివే పిల్ల ఒకతుండె.
అన్నానికి పిలిస్తే "ఒక్క పేజీ" అనేది.
జడ నిండ దూది.
ఫార్మసీ పరీక్షలల్ల,
రెండు పురుళ్లల్ల, చిట్‌ఫండ్ కిస్తులల్ల
ఎక్కడ తప్పిపోయిందో వెతకనే లేదు నేను.
నడుమ ఒకసారి నవల పట్టిన గని
పదో పేజీల నిద్ర.
గుర్తుకు పెట్టిన బస్సు టికెట్టు
ఇంకా అండ్లనే ఉన్నది.

ఈ పుస్తకం నన్ను అంతగనం అడగలే.
మందుల చీటీకి చీటీకి నడుమ ఒకటి.
కరెంటు పోతే ఒకటి, ఫోన్ వెలుగుల.
కొన్ని సమజ్ గాలే, అయినా
నాలిక కింద పెట్టుకొని తిరిగిన.
ఒకటైతే నచ్చనే లే. వాన గురించి.
వానను గంత ముద్దుజేసేటోడు
ఎన్నడూ హంటర్ రోడ్డు నీళ్లల్ల నడవలేదనుకున్న.
నడుమ రాత్రి దాక తిట్టుకున్న.
ఒక పుస్తకంతోని కొట్లాడి
ఎన్నేండ్లాయె!

చలి మొదలైనంక సెలవు పెట్టి
పరకాల బస్సెక్కిన.
లైబ్రరీల ఓదెలు సారు
రిజిస్టరు తిరగేసి, అద్దాలు తీసి,
"ఇది లెక్కల్లకెళ్లి కొట్టేసినమమ్మా,
లేని పుస్తకానికి జుర్మానా ఏంది?" అన్నడు.
సభ్యత్వం కాగితం నా ముంగట వెట్టిండు.

వచ్చేటప్పుడు సంచిల రెండు లావు నవలలు.
గూడెప్పాడ్ దాటేదాక తల ఎత్తలే.
కండక్టరు రెండుసార్లు పిలిచిండట.

లేని పుస్తకం
మళ్ల గాజుబల్ల మీదనే ఉన్నది, కనపడేటట్టు.
పదకొండు రూపాయలు నా పర్సులకెళ్లి
ఎప్పుడో గల్లల వేసిన.
కుదువ మాత్రం కుదువే.
వాడు రావాలె, తీస్కపోవాలె.

వచ్చేలోపట
ఆ వాన కవిత ఇంకొక్కసారి చూడాలె.
నేనే తప్పు చదివిన్నేమో.